పచ్చచుక్క

రావులపాలెం అరటి మార్కెట్ వెనక గదిలో గంగాధరం పని, గెలల లెక్క ఎక్కించుకునే, లినక్స్‌తో నడిచే చేతిమిషన్లకు నెట్‌వర్క్ అడ్రసులు ఎక్కించడం. ఎక్కించిన ప్రతిదాన్నీ చొక్కా అంచుతో తుడుస్తాడు. "రెండు మిషన్లకీ ఒకటే అడ్రసు పెట్టేరంటే ఒకదాన్నొకటి నెట్‌లోంచి గెంటేసుకుంటాయండీ," అంటాడు కొత్తవాళ్ళతో. ఇంట్లో మాత్రం ఓ పాత మిషన్‌కి, మస్కట్‌లో పనికెళ్ళిన భార్య నాగవేణి ఫోను అడ్రసే పెట్టుకున్నాడు. పాపం, ఇంటి వైఫై రౌటరు అది ఆవిడ ఫోనేనని నమ్మి, అతని ఫోనులో నాగవేణి పేరు పక్కన, ఇంట్లోనే ఉన్నట్టు, పచ్చచుక్క చూపిస్తుంది. అది చూసి అన్నం కలుపుకుంటాడు.

మొన్న ఆవిడ సెలవుకొచ్చింది. "నా ఫోనుకి మనింట్లోనే నెట్ నిలబడట్లేదేంటండీ?" అంది. "చూస్తానుండు," అంటూ వెళ్ళి, అల్మరాలో దాచిన మిషన్ని ఆపేశాడు. ఆవిడ్ని విమానం ఎక్కించి వచ్చిన సాయంత్రం మళ్ళీ దాన్ని ఆన్ చేశాడు. అన్నం చల్లారిపోతున్నా, పచ్చచుక్క వెలిగేదాకా కంచం ముట్టలేదు.