ఊట ఉందని రాశాను

అశోక్‌నగర్‌లో మా వీధి చివర పొద్దుటినుంచి బోరు వేస్తున్నారు. తడిసిన రాతిపొడి వాసన మూడో అంతస్తుదాకా వస్తోంది. కిటికీ మూశాను. ఆ వాసన తగిలితే నాకు సుగుణ మేడం గుర్తొస్తారు. గుర్తొస్తే ఆ రోజంతా మనసు బాగుండదు.

మేడం నారాయణగూడలోని మా కాలేజీలో జువాలజీ చెప్పేవారు. ఇల్లు చిక్కడపల్లి. ఆదివారం పొద్దున్నే చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకొని, స్టీలు చెంబు, బకెట్ పట్టుకుని బస్సెక్కేవారు. ఊరి బయట ప్రభుత్వం కంచె వేసి కాపాడుతున్న చెరువొకటుంది. దాని అంచున చిన్న చిన్న గుంటల్లో కప్పలు గుడ్లు పెడతాయి. చుట్టూ బోర్లు పడుతున్నాయి కనుక ఆ గుంటలు ఎండిపోతాయేమోనని ఆమె బెంగ. డిగ్రీ రెండో ఏడాదిలో నన్నూ వెంట తీసుకెళ్లడం మొదలుపెట్టారు.

"కంచె ఉంది కద మేడం, ఇంక పరేషాన్ ఎందుకు?" అన్నాను ఓసారి.

"కంచె పైన ఉంది బిడ్డా, కింద లేదు. బోరు బయటనే ఏస్తరు, నీళ్లు లోపటియే గుంజుతరు." తోకకప్పల్ని బకెట్లోకి తీసి, గుంటను అడుగు కనపడేదాకా చెంబుతో తోడేశారు. "ఇగ చాయ్ తాగుదాం. తాగేలోపల మళ్ల ఊరితె ఊట ఉన్నట్టు. లేకుంటె అవి వాననీళ్లే. నాలుగెండలు కొడితె ఇంకిపోతయి, పిల్లలకు కాళ్లు రాకముందే."

ఆ వానాకాలం మేడంకు జ్వరం వచ్చింది. ఒక్కదాన్నే వెళ్లాను. ముందురోజే పెద్ద వాన. గుంటలు నిండుగా ఉన్నాయి, తోకకప్పలు కిటకిటలాడుతున్నాయి. బురదలో వంగి తోడాలంటే బద్ధకం; పైగా మధ్యాహ్నం స్నేహితురాళ్లతో సినిమా. ఎంత పొగరు నాకు! మేడం నోటుపుస్తకంలో అన్ని గుంటలకూ వరసగా 'ఊట ఉంది' అని రాసేసి వచ్చాను.

జ్వరం తగ్గీ తగ్గకముందే మేడం ఆ నోటుపుస్తకం తీసుకుని, నన్నూ వెంటబెట్టుకుని, కంచె పక్కన బోర్లు ఆపమని అడగడానికి ఆఫీసుకు వెళ్లారు. నా మీద నమ్మకంతో తెరిచి కూడా చూడలేదు. అధికారి పేజీలు తిప్పి, "ఊట మంచిగనే ఉందని మీరే రాసిన్రు కద మేడం?" అన్నాడు. ఆమె నావైపు చూశారు. నిజం చెప్పాల్సింది అప్పుడే. నేను నేల చూపులు చూశాను.

తర్వాత రెండు వారాలు వాన మొహం చాటేసింది. ఇద్దరం వెళ్లేసరికి గుంటలు నెర్రెలిచ్చాయి. తోకకప్పలు నల్లగా బురదకు అంటుకుపోయి ఉన్నాయి.

"తోడినవా?" అన్నారు మేడం.

"లేదు మేడం."

తిట్టినా బాగుండేది. "నీ రాత నమ్మిన గని నా కండ్లతోని చూడకపోతి. తప్పు నాది," అని చెంబు సంచిలో పెట్టుకున్నారు. తర్వాత ఎన్ని అర్జీలు పెట్టినా ఆఫీసువాళ్లు తీసి ఉంచుకున్న ఆ పేజీ నకలే చూపించి పంపేశారు. బోర్లు పడుతూనే ఉన్నాయి. మేడం రిటైరయ్యారు, పోయారు కూడా. నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. ఇంటికెళ్తే వేడివేడిగా సర్వపిండి చేసి పెట్టేవారు. అదే నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

మొన్న తొలకరికి మళ్లీ అక్కడికి వెళ్లాను. నిండుగా ఉన్న గుంటను తోడాను. చాయ్ తాగాను. ఇంకో గంట కూర్చున్నాను. చుక్క ఊరలేదు. తోడిన నీళ్ల బకెట్లో కప్పగుడ్లు తేలుతున్నాయి. ఆ తల్లికప్పా నీళ్లు చూసి ఊట ఉందనుకుంది పాపం. ఎక్కువ రోజులు ఆగవని తెలిసీ ఆ నీళ్లు గుంటలోనే పోశాను. 'ఊట లేదు' అని రాసుకున్నాను. ఇప్పుడా మాట ఎవరికి చూపించను?