మేస్త్రి చూడవచ్చిన గోడ

ఊళ్లో సగం ఇళ్ల గోడలకు రంగులు వేసిన మనిషి మేస్త్రి. మోకాళ్లు మొరాయించాక నిచ్చెన దిగి ఇంటిపట్టున ఉంటున్నాడు. పని మానినా చేతి అలవాటు పోలేదు. ఎక్కడ రంగు గోడ కనబడినా చూపుడువేలు దానంతటదే వెళ్లి తడి ఆరిందో లేదో చూసి వస్తుంది.

ఆయన కోడలికి కొత్తగా మ్యూజియంలో టికెట్లు ఇచ్చే ఉద్యోగం వచ్చింది. ఇంకా పర్మనెంటు కాలేదు. యూరప్ బొమ్మలున్న గదులు చూద్దురుగాని రమ్మని అత్తామామలను ఒక ఆదివారం పిలిచింది.

"మామయ్యా, ఎంతసేపైనా చూడండి. ముట్టుకోవద్దు మాత్రం."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?"

"చిన్నపిల్లలైతే చెప్తే వింటారు" అంది భార్య.

లోపల ఎత్తయిన గదులు, బంగారు పూత చట్రాలు. మెడచుట్టూ విస్తరంత తెల్లటి కుచ్చుపట్టీ కట్టుకున్న వర్తకుడి బొమ్మ ముందు భార్య ఆగిపోయింది. "ఇది కట్టుకుని ముద్ద నోట్లో ఎలా పెట్టుకునేవాడో" అని దిగులుపడింది.

మేస్త్రి అప్పటికే పక్క బొమ్మ దగ్గరున్నాడు. అందులో మనుషులు లేరు. ఒక ఖాళీ గది, తెరిచిన కిటికీ, దాని కింద సున్నం గోడ, ఆ గోడమీద చెమ్మ మరక. అలాంటి మరకలను గీకి కప్పెయ్యడంతోనే ఆయన బతుకంతా గడిచింది. ఇక్కడ ఎవరో పనిగట్టుకుని ఆ మరకనే ఎంతో ప్రేమగా వేశారు. ఒకడుగు ముందుకు వేశాడు. వేలు లేచింది.

గణగణమని గంట మోగింది.

కోడలి ఉద్యోగానికి ఎసరు పెట్టానన్న ఒక్క మాటే మేస్త్రి బుర్రలో తిరుగుతోంది. లావుపాటి కాపలాదారు గబగబా వచ్చాడు.

"నేనే బాబూ. వేలు పెట్టబోయాను. తగిలిందో లేదో నాకే తెలీట్లేదు. టికెట్ల దగ్గరున్న అమ్మాయికి మాత్రం దీంతో ఏ సంబంధమూ లేదు."

కాపలాదారు టార్చి వేసి బొమ్మను పక్కనుంచి చాలాసేపు చూశాడు.

"తగల్లేదు పెద్దాయనా. కింద గీత దాటారు, అంతే. దాటితే మోగుతుంది. మొన్న మా డైరెక్టరుగారు దాటినా మోగింది." టార్చి ఆర్పి అడిగాడు, "ఇంతకీ ఆ అమ్మాయి మీకేమవుతుంది?"

"ఏమీ కాదు" అన్నాడు మేస్త్రి.

"కోడలు" అంది భార్య, సరిగ్గా అదే క్షణంలో.

కాపలాదారు పొట్ట కదిలేలా నవ్వాడు. "ఆవిడ మంచిది. ఆ బల్లమీద కూర్చుని చూడండి, బొమ్మలో కిటికీలోంచి ఎండ నిజంగా పడుతున్నట్టే ఉంటుంది" అని వెళ్లిపోయాడు.

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. బల్లమీద కూలబడి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. భార్య పక్కన కూర్చుని బొమ్మకేసి చూసింది.

"అచ్చం మన వంటింటి గోడలా ఉంది."

"మనదానికంటే నయం. వీళ్లు కిటికీ తెరిచి పెట్టుకున్నారు."

"మన కిటికీకి రంగేసి, అది బిగుసుకుపోయేలా చేసిందెవరు?"

ముందు మేస్త్రి భుజాలు కదిలాయి, తర్వాత కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వు బయటికి వినబడకుండా భార్య తన కొంగు ఆయన చేతికిచ్చింది, తన నోరు చేత్తో మూసుకుంది.