పెన్సిల్‌తో రాసిన ఎండ

చిలకలగూడలో దేవకృప ఇంటికి ఎవరు వెళ్లినా వాళ్లమ్మ రోసమ్మ ముందు మంచినీళ్లు ఇచ్చేది, ఆ తర్వాత కూతురి చేతుల గురించి మొదలుపెట్టేది. "గ్లాసు నిండా నీళ్లు పోసి దీని చేతికివ్వండి, వీధి చివరిదాకా నడిచి రమ్మనండి, చుక్క ఒలికితే నన్నడగండి" అనేది. ఆ చేతులు చేసే ఉద్యోగం ఏమిటో మాత్రం ఆవిడకు సరిగ్గా తెలియదు. రక్తంలోంచి ఏదో తీస్తుందని తెలుసు, అంతే. ఆడపిల్లకు నెత్తుటితో పనేమిటని మొదట్లో సణిగింది కూడా. ఒక క్రిస్మస్ నాడు పెద్ద డాక్టరుగారు ఇంటికొచ్చి, కేకు తిని, "మీ అమ్మాయి పేరు విదేశీ పత్రికలో వేయిస్తానమ్మా" అని మాటిచ్చి వెళ్లాక ఆ సణుగుడు పోయింది. దాని బదులు ఇంకొకటి పట్టుకుంది. "ఏమే, నీ పేరు ఎప్పుడు వేస్తారు?" అని నాలుగేళ్లపాటు అడుగుతూనే ఉంది.

ఆ డాక్టరు పేరు వరహాలబాబు. అనకాపల్లి వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడ్డవాడు. ఒక టీబీ ఆసుపత్రి వెనక, రేకుల షెడ్డులో నడిచే చిన్న పరిశోధనశాలకు ఆయనే అధికారి. ఆయన చెడ్డవాడంటే ఎవరూ నమ్మరు. గొంతెత్తి మాట్లాడడు, పండక్కి అటెండరుకు బట్టలు పెడతాడు, ఆడవాళ్లను "అమ్మా" అని తప్ప పిలవడు. 1983లో దేవకృప ఆయన దగ్గర టెక్నీషియనుగా చేరింది. అప్పుడామెకు ఇరవై నాలుగేళ్లు. తండ్రి లూకా మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు, పోయి రెండేళ్లయింది. ఇల్లు ఈమె జీతం మీదే నడిచేది.

డాక్టరుగారు తేల్చాలనుకున్నది ఒకటే: టీబీ పట్టుకున్నవాళ్ల రక్తంలో, రోగంతో పోరాడే తెల్లకణాలు తగ్గిపోతాయా లేదా? లెక్క పెట్టాలంటే ముందు ఆ కణాలను మిగతా రక్తం నుంచి విడదీయాలి. ఆ పని దేవకృపది. గాజు గొట్టం అడుగున ఫైకాల్ అనే చిక్కటి ద్రవం ఉంటుంది. దాని మీద, సెలైను కలిపి పల్చన చేసిన రక్తాన్ని పోయాలి. పోయాలి అని చెప్పడం తేలికే. గొట్టాన్ని వాల్చి పట్టుకుని, గోడ వెంబడి చుక్క తర్వాత చుక్క జారవిడవాలి. రెండూ కలిసిపోయాయంటే రోగి చెయ్యి పొడిపించుకున్నదంతా వృథా. సరిగ్గా పోసి, సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి అరగంట గిరగిర తిప్పితే ఎర్రకణాలు ఫైకాల్‌ను దాటుకుని అడుక్కి దిగిపోతాయి, పసుపుపచ్చటి ప్లాస్మా పైన మిగులుతుంది, నడుమ పాల మీద తొలి మీగడలా పల్చటి తెల్లటి వలయం నిలుస్తుంది. కావలసిన కణాలు ఆ వలయంలోనే ఉంటాయి. యంత్రాన్ని బ్రేకు వేసి ఆపకూడదు, దానంతట అదే ఆగాలి. తొందరపడ్డవాడికి వలయం చెదిరిపోతుంది. దేవకృప ఎన్నడూ తొందరపడలేదు. ఢిల్లీ నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరు ఆమె వెనక నిలబడి, ఆమె సన్నటి పిపెట్టుతో ఆ వలయాన్ని ఎత్తడం చూసి, వరహాలబాబుతో "ఈమెను జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడు. ఆ మాట ఆమె ఇంటికొచ్చి తల్లికి చెప్పి, ఆ రాత్రి అన్నం రెండోసారి వడ్డించుకుంది.

ఆ ల్యాబులో రెండు పుస్తకాల పద్ధతి ఉండేది. బల్ల దగ్గర పని చేస్తున్నంతసేపూ పెన్సిల్‌తో రఫ్ నోట్‌బుక్కులో రాసుకోవాలి. సాయంత్రం కూర్చుని, అచ్చు గళ్లున్న ఫెయిర్ రిజిస్టరులోకి సిరాతో ఎక్కించాలి. వరస నంబరు, తేదీ, పేరు, వయసు, కణాల లెక్క: ఇవే ఆ గళ్లు. రఫ్ పుస్తకాల మీద రక్తం చుక్కలు పడుతుంటాయి, అందునా టీబీ రోగుల రక్తం, కాబట్టి ఫెయిర్ అయ్యాక వాటిని పెరట్లో కాల్చేయాలి. ఇది డాక్టరుగారి నియమం, మంచి నియమమే.

దేవకృప రఫ్ పుస్తకంలో అడగనిది ఇంకొకటి రాసేది. మార్జిన్‌లో, తేదీ పక్కన, గోడ మీది థర్మామీటరు చూసి ఆ పూట ఎండ ఎన్ని డిగ్రీలో వేసేది. లూకా మాస్టారు బతికున్నన్నాళ్లూ స్కూలు డైరీలో ఎండా వానా రాసేవాడు. కూతురికి అదే అలవాటైంది. అంతకుమించి అందులో పెద్ద ఉద్దేశమేమీ లేదు.

పరిశోధన రెండు విడతల్లో సాగింది. ఆరోగ్యవంతుల రక్తం 1984 డిసెంబరు, 85 జనవరి నెలల్లో తీశారు. నలభై మంది, ఎక్కువగా నర్సింగు విద్యార్థినులు. సంఖ్య చాలక దేవకృప తన రక్తం కూడా ఇచ్చింది. రోగులు దొరికింది మాత్రం వేసవిలో. ఏప్రిల్, మే నెలల్లో అరవై రెండు మంది వచ్చారు. మొదటివారంలోనే తేడా తెలిసిపోయింది. వలయం మీగడలా లేదు, పెదవి మీద ఆరిన మజ్జిగ గీతలా ఉంది. మిల్లీలీటరుకు పదిహేను లక్షలు రావలసిన కణాలు ఆరు లక్షలు కూడా దాటడం లేదు. వరహాలబాబు మొహం వెలిగిపోయింది. తను ఊహించింది ఊహించినట్టే వస్తోంది మరి.

అల్వాల్ నుంచి సైకిలు తొక్కుకొచ్చే అటెండరు పోచయ్య ఒక మధ్యాహ్నం తడిగుడ్డ నెత్తిన వేసుకుని షెడ్డులోకి వచ్చాడు. "గీ రేకుల కింద మనమే మాడిపోతున్నం మేడం. గా నెత్తురెట్ల బతుకుతది?" అన్నాడు.

అతను ఊరికే అన్నాడు. దేవకృప చేతిలో పిపెట్టు అలాగే ఆగింది. మార్జిన్‌లో అప్పుడే రాసిన అంకె ముప్పై తొమ్మిది. పేజీలు వెనక్కి తిప్పి జనవరి చూసింది. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై ఒకటి.

మర్నాడు ఆమె వార్డు నర్సు చేత తన రక్తమే తీయించుకుంది. ఒకే రక్తం, రెండు వాటాలు. మొదటి వాటాను ఎప్పటిలాగే ఆ ఉడుకులో చేసింది. రెండో వాటాకు ఫైకాల్ సీసానూ గొట్టాలనూ యంత్రంలో పెట్టే ఇనుప గిన్నెలనూ పోచయ్య నింపిన కుండనీళ్లలో, కాస్త ఐసు వేసి, థర్మామీటరు ఇరవై రెండు చూపేదాకా ఉంచి అప్పుడు చేసింది. మొదటి దాంట్లో ఐదు లక్షల కణాలు. రెండో దాంట్లో పద్నాలుగు లక్షలు. ఆమెకు టీబీ లేదు, ఉన్నా ఒక గంటలో వచ్చి ఒక గంటలో పోదు. వేడికి ఫైకాల్ పల్చబడుతోంది. దాని మీద తేలాల్సిన కణాలు దాన్ని దాటి ఎర్రకణాల్లోకి మునిగిపోతున్నాయి. అరవై రెండు మంది రోగుల లెక్క రోగం లెక్క కాదు, సికింద్రాబాదు ఎండ లెక్క.

ఆమె థర్మామీటరును గోడ మీంచి తీసి చేత్తో పట్టుకుని డాక్టరుగారి గదికి వెళ్లింది. ఆ గదికి ఏసీ ఉంది. చెప్పాల్సిందంతా చెప్పి, థర్మామీటరు బల్ల మీద పెట్టింది. కొంచెంసేపటికి అందులో పాదరసం దిగింది.

"ఇక్కడ ఇరవై మూడు సార్. షెడ్డులో ముప్పై తొమ్మిది."

వరహాలబాబు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పద్ధతి పుస్తకంలో రూమ్ టెంపరేచర్ అని రాసుంది. మనం రూములోనే చేశాం. ఇంకేటమ్మా?"

"ఆ పుస్తకం రాసినవాళ్ల రూము ఇలా ఉంటుంది సార్, మీ గదిలా. చలికాలంలో రోగుల రక్తం మళ్లీ తీద్దాం. నేను ఆదివారాలు కూడా వస్తాను."

"అరవై రెండు మందిని మళ్లీ ఎక్కణ్నుంచి పట్టుకొస్తాం? సగం మంది ఊళ్లకి పోయారు. వచ్చే నెల ఢిల్లీలో చదవాలి, ఆ తర్వాత పత్రికకి పంపాలి." ఆయన గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "నీ పేరు వేయిస్తానని మీ అమ్మగారికి మాటిచ్చానా లేదా? రిజిస్టరు ఫెయిర్ చేసి తెచ్చెయ్యి."

"ఉష్ణోగ్రత కూడా ఎక్కించనా సార్?"

"దానికి గడి ఉందా?"

"లేదు సార్."

"లేనప్పుడు ఎందుకమ్మా రాయడం?"

నిజం చెప్పాలంటే పేరు అనే మాట దగ్గరే దేవకృప మెత్తబడింది. అందుకు ఆమె తర్వాత తనను తాను తిట్టుకోని రోజు లేదు. ఇల్లు, జీతం, తల్లి, ఇవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ తన పేరు అచ్చులో చూసుకోవాలన్న ఆశ ఆమెకూ ఉంది. వారం రోజులు కూర్చుని, గుండ్రటి చేతిరాతతో, ఒక్క కొట్టివేత లేకుండా రిజిస్టరు నింపింది. గడి లేని అంకెలు వదిలేసింది. తన రక్తంతో చేసిన పరీక్షకు వరస నంబరే లేదు కాబట్టి అదీ వదిలేసింది.

రఫ్ పుస్తకాలు పెరట్లో పోగేసినప్పుడు పోచయ్య అడ్డం పడ్డాడు. "జెర ఆగున్రి మేడం. గీ పెన్సిల్ బుక్కులు సుత ఉండనియ్యిన్రి. రేపు ఎవడన్న అడిగితే ఏం జూపిస్తరు?"

"నియమం పోచయ్యా. రక్తం పడ్డవి ఉంచకూడదు" అంది దేవకృప. అగ్గిపుల్ల తనే గీసింది.

వ్యాసం మరుసటేడు ఒక విదేశీ పత్రికలో వచ్చింది. టీబీ రోగుల్లో ఈ కణాలు సగానికి పైగా పడిపోతాయని అందులో ఉంది. రచయితలు నలుగురు. వాళ్లలో ఇద్దరు షెడ్డులోకి ఎన్నడూ అడుగుపెట్టినవాళ్లు కారు. చివర కృతజ్ఞతలలో టైపు చేసినాయన పేరు కూడా ఉంది. దేవకృప పేరు లేదు. "తర్వాతి దాంట్లో తప్పకుండా" అన్నాడు వరహాలబాబు. ఆయనకు ఆ సంవత్సరమే ప్రమోషను వచ్చింది. ఇంట్లో రోసమ్మ అడిగితే దేవకృప కూడా "తర్వాతి దాంట్లో" అంది. అలా చెప్పినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

1988లో మద్రాసు నుంచి ఎవరో పత్రికకు ఉత్తరం రాశారు. మేం వంద మంది రోగులను చూశాం, కణాలు పెద్దగా తగ్గలేదు, సికింద్రాబాదువాళ్లు ఏ వేడిలో వేరు చేశారో చెప్పగలరా అని. పత్రిక సంజాయిషీ అడిగింది. పైఅధికారి విచారణ పెట్టి దేవకృపను పిలిచాడు. ఆమె మూడేళ్ల కిందటి సంగతంతా చెప్పింది. కుండనీళ్ల పరీక్ష, ఐదు లక్షలు, పద్నాలుగు లక్షలు, బల్ల మీద పెట్టిన థర్మామీటరు, ఏదీ దాచలేదు. వరహాలబాబు పక్కనే కూర్చుని తల వంచుకుని విన్నాడు.

పైఅధికారి రిజిస్టరు ముందుకు జరిపాడు. "ఈ చేతిరాత ఎవరిదమ్మా?"

"నాదే సార్."

"మీరు చెప్పేదేదీ ఇందులో లేదే?"

"రఫ్‌లో ఉంది సార్."

"అది తీసుకురండి."

తెచ్చేందుకు రఫ్ లేదు. కాల్చింది తనే.

"నాతో అలాటి మాటేదీ అన్నట్టు గుర్తు లేదండి" అన్నాడు వరహాలబాబు, బాధగానే. ఆ బాధ నటన కాదనుకుంటాను. ఆయన నిజంగానే మర్చిపోవాలని నిర్ణయించుకున్నాడు.

ఉద్యోగం తీసేయలేదు. స్టోర్సులో గాజు గొట్టాలు కడిగించి లెక్క చూసుకునే పని ఇచ్చారు. ఇన్నేళ్లు ఒక చుక్క ఒలకని చేతికి మళ్లీ ఎవరూ రక్తం ఇవ్వలేదు.

మరుసటేడు మే నెలలో పోచయ్య ఒక కాగితం పట్టుకుని స్టోర్సుకొచ్చాడు. "మేడం, లైబ్రరీ సారు ఇచ్చిండు. మీ పేరొచ్చిందంట" అన్నాడు నవ్వుతూ. అతనికి ఇంగ్లిషు రాదు. అది ఆ పత్రిక వేసిన సవరణ ప్రకటన. ఐదు వాక్యాలు. వేసవి నమూనాలను వేరు చేసిన టెక్నీషియన్ కుమారి ఎల్. దేవకృప నిర్ణీత ఉష్ణోగ్రత పాటించకపోవడం వల్ల లెక్కలు తప్పాయనీ, ఆ నిర్లక్ష్యం తమకు ఆలస్యంగా తెలిసిందనీ, అందుకు చింతిస్తున్నామనీ రచయితలు తెలిపారు. ఆమె దాన్ని మడిచి టిఫిన్ సంచీలో పెట్టుకుంది. పారేద్దామని బస్సులో రెండుసార్లు తీసింది. మళ్లీ లోపలే పెట్టింది.

సాయంత్రం టిఫిన్ గిన్నె కోసం సంచీ విప్పిన రోసమ్మకు అది దొరికింది. ఆవిడకు తెలుగు బైబిలు తప్ప మరేదీ చదవడం రాదు. కానీ గోడకు వేలాడే సర్టిఫికెట్లలో కూతురి పేరు ఇంగ్లిషులో ఎలా ఉంటుందో ఆ అక్షరాల వరస ఆవిడ కళ్లకు కంఠతా వచ్చు.

"ఇది నీ పేరేగా?"

"అవునమ్మా."

"విదేశాల పత్రికేనా?"

"అవును."

"డాక్టరుగారే వేయించారా?"

"ఆయనే వేయించారమ్మా" అంది దేవకృప. అప్పుడే మిగతాది చెప్పేసి ఉండాల్సింది. తల్లి ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంటుంటే టిఫిన్ గిన్నె తీసుకుని కడగడానికి వెళ్లింది. తెల్లారి చెబుదామనుకుంది. తెల్లారి ఆదివారం.

చర్చిలో ప్రసంగం అయ్యాక పాస్టరు జ్ఞానశేఖర్‌గారు కృతజ్ఞత కానుకల చీటీలు చదవడం మొదలుపెట్టారు. ఒకరికి మనవడు పుట్టాడు, ఒకరు కామెర్ల నుంచి లేచారు. మూడో చీటీ రోసమ్మది. "మా కుమార్తె దేవకృప పేరును విదేశీ వైద్య పత్రికలో అచ్చు వేయించినందుకు దేవునికి కృతజ్ఞతలు" అని చదివి, ఆయన సంతోషంగా కళ్లజోడు పైనుంచి చూశారు. "తల్లీ కూతుళ్లిద్దరూ లేచి నిలబడండమ్మా, ప్రార్థన చేద్దాం."

సంఘమంతా "స్తోత్రం" అంది. వెనక వరసలో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. రోసమ్మ కొత్త చీర సర్దుకుని లేచింది, కూతురి చెయ్యి పట్టుకుని లేపింది. పాస్టరుగారు కళ్లు మూసుకుని, ఈ బిడ్డ చేతుల కష్టాన్ని లోకం ఎదుట బయలుపరచిన ప్రభువా అని మొదలుపెట్టారు.

"ఏమే, చెయ్యి ఇలా వణుకుతోందేం?" అని రోసమ్మ గుసగుసగా అడిగింది.

ప్రార్థన అయిపోయాక అందరితోపాటు దేవకృపా ఆమెన్ అంది.