తలుపుకు వీపు ఆనించి

మార్చి నెలలో గులాబీ గోరింకలు తిరుగు ప్రయాణం కడతాయి. చలికాలమంతా మా జొన్నచేల మీద బతికి, పోయేముందు బూరుగు పూలలో తేనె తాగి, ఒక పొద్దున ఉన్నట్టుండి గుంపుగా ఉత్తరానికి లేచిపోతాయి. ఆ లేవడం చూడాలని ఒక ఆదివారం ముగ్గురం బయల్దేరాం.

నేను నంద్యాలలో హైస్కూల్లో తెలుగు చెప్తాను. నాతో వచ్చినావిడ మా హెడ్‌మిస్ట్రెస్. బడిలో మేడమ్, బయట అక్క. మూడో మనిషికి ఆళ్లగడ్డలో మందుల షాపు. మేమిద్దరం అన్నా అని పిలుస్తాం. బస్సులో వచ్చి శిరివెళ్లలో దిగిన మమ్మల్ని ఆయన కారులో ఎక్కించుకున్నాడు.

కాలువ గట్టు మీద కారు ఆపి చేలలోకి నడిచాం. బూరుగు చెట్టు ఆకు లేకుండా ఎర్రగా పూసి ఉంది. కొమ్మకొమ్మకూ గోరింకలే. ఒకటే గోల. ఒక పెద్ద కొమ్మ కింద నల్లగా తేనెపట్టు వేలాడుతోంది. దాన్ని ముగ్గురం చూశాం, ఎవరమూ పట్టించుకోలేదు.

అంతలో తేనెగద్ద వచ్చింది. అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎన్నో ఏళ్లుగా చూడాలనుకుంటున్న పిట్ట అది. నేరుగా పట్టు మీద వాలి, ఒక ముక్క పీక్కొని పోయింది. "చూసినావా!" అని అక్క అంటుండగానే చెట్టు కింద గాలి తేనెటీగలతో నల్లబడింది.

"ఉరకండి!" అని అన్న అరిచాడు. ఆయన కారు వైపు ఉరికాడు. మాకు దగ్గర్లో మోటరు రూము కనబడింది. ఇద్దరం అందులో దూరి తలుపు మూశాం. లోపలి గడియ విరిగిపోయి ఉంది. నేను తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను.

ఒక మోటరు, గోడకు స్టార్టరు డబ్బా, మూలన పాత యూరియా గోతాలు, మేమిద్దరం. అంతకు మించి చోటు లేదు. పైన ఇనుప రేకు. పొద్దెక్కే కొద్దీ దాని వేడి నెత్తి మీదికి దిగుతోంది. రేకు మీద, తలుపు మీద ఈగలు వచ్చి కొట్టుకుంటుంటే, చాటలో కందులు చెరుగుతున్నట్టు వినబడింది. నన్ను చేతి మీద రెండు కుట్టాయి. అక్కను మెడ మీద, చెవి దగ్గర, కంటి మీద కుట్టాయి. మొదట ఆమే నాకు ధైర్యం చెప్పింది. ముళ్లు గోటితో గీకెయ్యమని చూపించింది.

తర్వాత ఆమె కన్ను మూసుకుపోయింది.

"తలుపు తీయ్," అంది.

"ఇంకా తిరుగుతాండాయక్కా."

"నాకు ఊపిరాడకుండాది. తీయమంటాండా గదా!"

ఆ గొంతు నాకు తెలుసు. ఆ గొంతు వినబడితే స్టాఫ్ రూములో అందరం లేచి నిలబడతాం. ఆమె మాటకు నేను ఎన్నడూ ఎదురు చెప్పలేదు.

"తీయను మేడమ్," అన్నాను.

ఆమె నా భుజం పట్టి లాగింది. రెండు చేతులతో ఎదురురొమ్ము మీద కొట్టింది. "నన్ను ఈడ చంపుతావా?" అంది. నేను కాళ్లు నేలకు తన్నిపట్టి నిలబడ్డాను. ఆమె మాట నిజమైతే? గొంతు లోపల వాచి, ఈ గదిలోనే ఊపిరి ఆగిపోతే? తలుపు తీస్తే ఈగలు, తీయకుంటే నేను. నాకూ గాలి చాలడం లేదు. ఆ చెక్క తలుపును బద్దలు కొట్టుకుని పారిపోవాలని ఆమె కంటే నాకే ఎక్కువ అనిపించింది.

ఫోను మోగింది. అన్న.

"అక్కకు మాట సరిగ్గా వస్తాందా?"

"తిడతాంది."

"తిట్టనీ. తిడతాంటే ఊపిరి ఆడతాండాదని అర్థం. తలుపు మాత్రం తీయాకు. నేను చుట్టూ తిరిగి చేలోకి బండి తెస్తాండా."

అక్క తిట్టడం ఆపి ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. మోటరు మీద కూలబడి, తల గోడకు ఆనించుకుంది. అప్పుడు బయట పెద్ద హోరు లేచింది. తలుపు సందులోంచి పడే వెలుగు చార ఒక్క క్షణం రెపరెపలాడింది. గోరింకల గోల రేకు మీదుగా దాటి, దూరమై, లేకుండా పోయింది.

"పోయినాయి," అంది అక్క.

ఇద్దరిలో ఎవరమూ చూడలేదు.

కారు హారన్ తలుపు దగ్గరే మోగేసరికి గోతాలు తల మీద కప్పుకుని పరిగెత్తాం. మరో రెండు కుట్టాయి. అన్న కారులోనే అక్కకు మాత్ర మింగించి, ఆళ్లగడ్డ ఆసుపత్రికి పోనిచ్చాడు. ఇంజెక్షన్లు వేసి, సెలైన్ పెట్టి, గండం లేదు గానీ సాయంత్రం దాకా ఉంచాలన్నారు.

ముఖమంతా ఉబ్బి, రెండో కన్ను కూడా సగమే తెరుచుకుంటుండగా, అక్క మంచం అంచు తట్టి "ఈడ కూర్చో" అంది. కూర్చున్నాను.

"నువ్వు తీసింటే నేను బతికేదాన్ని కాదేమో."

నేను సెలైన్ గొట్టం మడత పడకుండా సరిచేశాను.

"అయినా నీ మీద కోపం పోలేదు నాకు. ఏం చేయమంటావ్?"

"ఉండనీ అక్కా."

ఆ కోపం వేసవి సెలవుల దాకా ఉండింది. బడిలో పనికి సంబంధించి రెండు ముక్కలు, అంతే. నాకు కూడా ఆమె ఎదురుపడితే ఎదురురొమ్ము నొప్పి గుర్తొచ్చేది. రాత్రిళ్లు కిటికీ మూస్తే నిద్ర పట్టేది కాదు. అన్న ఇద్దరికీ ఫోను చేసి, పిట్టల కబుర్లు మాత్రం చెప్పేవాడు.

జూన్‌లో బడి తెరిచాక, ఒక మధ్యాహ్నం ఆమె తన క్యారియర్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఉర్లగడ్డ కూర. చల్లారకముందే తిను," అని, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.