పిన్నితో నానక్‌రామ్‌గూడ దాకా

పొద్దున ఏడింటికి నాంపల్లిలో లోకల్ బండి ఎక్కాం, నేనూ గుంటూరు నుంచి వచ్చిన మా సలోమి పిన్నీ. పైకి చెప్పిన కారణం మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడ. అసలు సంగతి వేరు. పెళ్లికి ముందు పిన్ని నానక్‌రామ్‌గూడలో చిన్న మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఇన్నేళ్లకు అక్కడ తననెవరైనా గుర్తుపడతారా అని రాత్రంతా నా ప్రాణం తీసింది. తనంతట తాను మాత్రం చెప్పుకోదట. అదీ పంతం!

లింగంపల్లిలో దిగి, ఇడ్లీ తిని, ఆటోలో మేడ దగ్గరికి వెళ్లాం. కాపలావాడు లోపలికి పోనివ్వలేదు. బయటి నుంచే మెడలు నొప్పి పుట్టేలా చూశాం. నిజంగా బాగుంది. పిన్ని ఆ అద్దాల్లో చూసుకుని జుట్టు సర్దుకుంది.

పదకొండింటికి నానక్‌రామ్‌గూడకు షేర్ ఆటో దొరికింది. దారంతా బండరాళ్లు, దుమ్ము. పక్కన కూర్చున్న పెద్దాయన నవ్వాడు.

"మా ఊర్ల ఏముందమ్మా చూడనీకి? పహిల్వాన్ ఇల్లొక్కటే."

ఆ పహిల్వాన్ ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లన్నిటా కుస్తీలు గెలిచినవాడట. ఇప్పుడు లేడు. మేం ఆ ఇంటికే వెళ్లేసరికి, చూపు మందగించిన ఆయన భార్య అరుగు మీద కూర్చుని ఉంది. కోడలు ఆయన తిప్పిన గదలు చూపించి, చాయ్ ఇచ్చింది. ముసలామె పిన్నితో గుంటూరు ఎండల గురించీ మిరపకాయల గురించీ గంటసేపు మాట్లాడింది గానీ, ఎవరు నువ్వని అడగనే లేదు. నేను చెప్పబోతే పిన్ని తొడపాశం పెట్టింది. గుర్తుపట్టలేదని పిన్ని ముఖం చిన్నబోవడం చూసి నాకు జాలేసింది.

లేచి బయల్దేరుతుంటే కోడలు కుంకుమ భరిణె తెచ్చింది. ఇంటికొచ్చిన ఆడవాళ్లను బొట్టు పెట్టకుండా పంపరు కదా. క్రైస్తవురాలైన పిన్నికి ఇలాంటప్పుడు ఎలా వద్దనాలో తెలియక ఎప్పుడూ ఇబ్బందే. ఆవిడ నోరు తెరవకముందే ముసలామె అందుకుంది.

"ఆమెకు బొట్టు వద్దే. సిస్టరమ్మ పెట్టుకోదు. పూలియ్యి."

పిన్ని నిలబడిపోయింది. "నన్ను గుర్తుపట్టారాండీ?"

"గొంతు ఇనంగనే ఎరుకైంది. నువ్వే చెప్తవేమోనని చూస్తున్న."

ఇద్దరూ చేతులు పట్టుకుని ఏడుస్తూ నవ్వారు. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి.

సాయంత్రం తిరుగు బండిలో ఎదుటి సీటావిడ ఏం చూసొచ్చారని అడిగితే అద్దాల మేడ గొప్పంతా నేనే చెప్పాను. ఆ వైపు వెళ్లేవాళ్లు అదీ చూడండి, తప్పకుండా. పిన్ని మాత్రం తలలో మల్లెపూలకు గాలి తగలకుండా కిటికీ మూసి కూర్చుంది.