పెన్సిల్ సెల్స్ కెమెరా

మొన్న ఎండలు ముదిరాక, చాట్రాయి దగ్గర మా ఇంట్లో పాత బీరువా అడుగు అర ఖాళీ చేస్తుంటే, జిప్పు ఊడిపోయిన చిన్న నల్ల సంచి ఒకటి చేతికి తగిలింది. లోపల అత్తయ్య మా ఇంట్లోనే వదిలేసిన డిజిటల్ కెమెరా. కింది మూత తీసి చూస్తే సెల్స్ ఎప్పుడో కారిపోయి, స్ప్రింగుల చుట్టూ తెల్లగా పొడి కట్టి ఉంది. తుప్పూ ఉప్పూ కలిసినట్టున్న ఆ వాసన ముక్కుకి తగలగానే నేను ఆరో తరగతి పరీక్షలు రాసిన వేసవి మొత్తం గుర్తొచ్చింది.

మా వైపు వేసవంటే సెలవులు కాదు, మామిడి కోతలు. తెల్లారకముందే కూలీలు పొడుగాటి వెదురు గడలకి చిక్కాలు కట్టుకుని తోటలోకి వచ్చేవారు. చిక్కంలో పడిన కాయల్ని కిందికి దించి, తొడిమ విరిచి, సొన కారిపోవడానికి ఎండుటాకుల మీద బోర్లించేవారు. ఆ సొన వాసన మా బట్టలకీ, జుట్టుకీ, చివరికి తాగే నీళ్ళకీ పట్టేది. ఇంట్లో ఒక గది నిండా వరిగడ్డి పరిచి చిన్నరసాలు ముగ్గవేసేవారు. డాబా మీద పాత చీరలు పరిచి మాగాయ ముక్కలు ఎండబెట్టేవారు. మధ్యాహ్నం నాయనమ్మ కొత్తావకాయ కలిపిన బేసిన్‌లోనే వేడన్నం వేసి, నెయ్యి పోసి కలిపి, పిల్లలందరి చేతుల్లో వరసగా ముద్దలు పెట్టేది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఇంకో ముద్దకి చెయ్యి చాపకుండా ఉండేవాళ్ళం కాదు.

ఆ యేడు మా మేనత్త రమ, మామయ్య కొన్న కెమెరా తీసుకుని పుట్టింటికి వచ్చింది. ఛార్జింగ్ పెట్టుకునే పెన్సిల్ సెల్స్‌తో నడిచే వెండిరంగు కెమెరా. మామయ్య దాంతోపాటు ఒక హెచ్చరిక కూడా పంపాడు: ఫోటో తీయగానే ఆఫ్ చెయ్యాలి, వెనకాల బొమ్మ వెలుగుతూ ఉంటే సెల్స్ తాగేస్తుంది. మా ఊళ్ళో పగలంతా కరెంటు ఉండేది కాదు, రాత్రి వచ్చినా బల్బు ఎర్రగా మిణుకుమనేది. కాబట్టి అత్తయ్య ఆ మాటని గ్యాస్ కట్టెయ్యడమంత గట్టిగా పాటించింది. టక్కున నొక్కడం, టక్కున ఆఫ్ చెయ్యడం.

దాంతో వచ్చిన చిక్కేమిటంటే, మళ్ళీ ఆన్ చేస్తే అది చిన్న పాట పాడి, లెన్సు గొట్టం బయటికి చాపి, తీరిగ్గా కళ్ళు తెరిచేది. ఈలోగా మనం తీద్దామనుకున్నది కాస్తా అయిపోయేది. చెట్టు మీంచి దూకే మా తమ్ముణ్ణి తీయబోతే, నేల మీద మోకాలు తుడుచుకుంటున్నవాడు వచ్చాడు. కోతిని తీయబోతే ఊగుతున్న కొమ్మ వచ్చింది. కొన్నాళ్ళకి మాకూ తెలివొచ్చి, గొట్టం బయటికి వచ్చేదాకా చేసే పని ఆపేసి, ఊపిరి బిగపట్టి నిలబడటం నేర్చుకున్నాం. అందుకే ఆ వేసవి ఫోటోల్లో అందరం పోలీసు స్టేషన్లో నిలబెట్టినట్టు ఉంటాం.

అప్పటికి మా ఇంట్లో ఇంకో సంగతి నడుస్తోంది. నాన్నకీ బాబాయికీ మాటల్లేవు. తోట పంచుకోవడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు గానీ, నడిమధ్యనున్న బోరు ఎవరి వైపు ఉండాలన్న దగ్గర మాటా మాటా పెరిగి సంక్రాంతి ముందు నుంచే పలకరింపులు ఆగిపోయాయి. ఒకే వాకిట్లో తిరుగుతూ, ఒకరి చెప్పుల చప్పుడు వింటే ఇంకొకరు లోపలికి వెళ్ళిపోయేవారు. కోతలు అవగానే కంచె వెయ్యడానికి రాతి స్తంభాలు తెచ్చి గట్టు మీద పడేశారు. నాయనమ్మ వాటి వంక చూసేది కాదు.

ఆవిడకి ఒకటే కోరిక. అత్తయ్యతో వంటింట్లో చెబుతుంటే విన్నాను.

"కంచె పడ్డాక వీళ్ళిద్దరూ ఇక ఒక్క చోట కలిసి నిలబడరే అమ్మాయ్. నన్ను మధ్యన పెట్టి ఒక్క ఫోటో తియ్యి. నేను చూసుకోవటానికి."

దానికి తొలికోత రోజే అదను. మా ఇంట్లో పద్ధతేమిటంటే, మొదటి చెట్టుకి పసుపూ కుంకుమా పెట్టి పెద్దకొడుకు కొబ్బరికాయ కొట్టాలి, చిన్నకొడుకు మొదటి కాయ దించాలి. వాటాలు పడలేదు కాబట్టి ఆ యేడు కూడా ఇద్దరికీ రాక తప్పలేదు. నాన్న కాయ కొట్టి పక్కకి జరగబోతుంటే, బాబాయి చిక్కం గడ చెట్టుకి ఆనించి చెప్పులేసుకోబోతుంటే, నాయనమ్మ వచ్చి ఇద్దరి చేతులూ చెరో వైపు పట్టుకుంది. విదిలించుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అత్తయ్య కెమెరా ఆన్ చేసింది. పాట పాడింది, గొట్టం చాపింది, ఆరిపోయింది. మళ్ళీ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. గొట్టం అలాగే బయటికి ఉండిపోయింది.

"సెల్స్ అయిపోయాయే అమ్మా. కరెంటొచ్చాక ఇంకోసారి తీద్దాంలే," అంది అత్తయ్య బిక్కమొహంతో.

"ఇంకోసారి ఎక్కడుందే? ట్రాన్సిస్టర్ సెల్స్ ఎండలో పెడితే పాడేది కాదా? వీటినీ పెట్టు. నేను మాత్రం వదలను."

కెమెరా సెల్స్ ఎండకి లేస్తాయో లేదో మాలో ఎవరికీ తెలియదు. అయినా అత్తయ్య వాటిని తీసి, వాళ్ళ పక్కనే ఉన్న బోరు స్టార్టరు పెట్టె రేకు మీద పెట్టింది. ముగ్గురూ అలాగే నిలబడ్డారు. కూలీలు గడలు దించి చూస్తున్నారు. ఎవరో ఒకరు చెయ్యి లాక్కుని వెళ్ళిపోతారని నేను ఇద్దరి కాళ్ళ వంకే చూస్తున్నాను.

"ఎండలో కాదమ్మా, పంటితో గట్టిగా నొక్కితే ఒక్క ఫోటోకి వస్తుంది," అన్నాడు బాబాయి, వాళ్ళమ్మ వైపు చూస్తూ.

"కొరికితే కారుద్ది, నోరు పాడవుద్దని చెప్పమ్మా," అన్నాడు నాన్న, ఆవిడ వైపే చూస్తూ.

"నాకెందుకు చెబుతారు? నేను కొరుకుతానన్నానా?" అంది నాయనమ్మ.

బాబాయి ఖాళీగా ఉన్న చెయ్యి చాపి రేకు మీది సెల్ అందుకుని నోటి దగ్గర పెట్టుకోబోయాడు. నాన్న చటుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరేయ్, బుద్ధుందా? అసలే పుచ్చిపన్ను పెట్టుకుని రాత్రంతా మూలుగుతున్నావ్. ఇటియ్యి."

బాబాయి ఇచ్చేశాడు. "మరి నువ్వేం చేస్తావన్నయ్యా దాంతో?" అన్నాడు నెమ్మదిగా. నాన్న రేకు మీది రెండో సెల్ కూడా అందుకుని, నాయనమ్మ తన మణికట్టు వదలకుండానే, రెండిటినీ అరచేతుల మధ్య పెట్టుకుని నలిపాడు. అత్తయ్య పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు పట్టలేనంత సంతోషమేసింది. ఆరోజు సాయంత్రం దాకా అలాగే నిలబడమన్నా నిలబడేదాన్ని.

ఎండ వల్లో, నాన్న నలపడం వల్లో, అంతసేపు వాటికి విశ్రాంతి దొరకడం వల్లో, కెమెరా మళ్ళీ పాడింది. అలవాటు ప్రకారం ముగ్గురూ బిగుసుకుపోయారు. ఆ ఒక్క ఫోటో పడి, వెంటనే ఆరిపోయింది. ఆఫ్ చేసే పని కూడా లేకపోయింది.

కంచె మాత్రం ఆగలేదు. కోతలు అవగానే స్తంభాలు పాతారు. బోరు దగ్గర మాత్రం ఒక మనిషి పట్టేంత దారి వదిలారు.

ఆ తర్వాత నాయనమ్మ పోయింది. బాబాయి తన వైపు మామిడి కొట్టించి పామాయిల్ వేశాడు, కాయ కొట్టే పద్ధతి దాంతోనే పోయింది. మా పిల్లలు ఫోన్లో ఆపకుండా ఫోటోలు తీస్తారు, ఎవరూ ఎవరికోసమూ ఆగి నిలబడనక్కర్లేదు. నాన్న పోయి రెండేళ్ళవుతోంది.

ఆ ఫోటో మా ముందుగదిలో ఉంది. చూసినవాళ్ళంతా, "అన్నదమ్ములకి అప్పుడు పడేది కాదా ఏంటి?" అని అడుగుతారు, ఆ మొహాలు అలా ఉంటాయి. బాబాయి కాఫీకి వచ్చినప్పుడల్లా దాని ముందు కాసేపు ఆగి, మా పిల్లలతో చెబుతాడు, "నన్ను మీ తాతయ్య తిట్టింది ఆరోజేరా" అని, అదేదో సన్మానం జరిగినట్టు. డెబ్బై దాటిన ఆయన్ని ఇప్పుడు ఊరంతా అండీ అంటుంది. ఒరేయ్ అనేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.