లక్ష్మివారం వెళ్ళిన బోటు

బోట్ల ఆఫీసు అక్క పోయిందని ఐస్ ప్లాంట్ దగ్గర ఎవరో చెప్పారు. తల మీద చేపల గంప ఉంది. దించితే మళ్ళీ ఎత్తుకునే ఓపిక లేక, మోస్తూనే హార్బర్ ఆఫీసు దాకా నడిచాను. కిటికీ మూసి ఉంది.

మగవాళ్ళు వేటకెళ్తే, ఏ బోటు ఎప్పుడు వెళ్ళిందో ఆడవాళ్ళం ఆ కిటికీ దగ్గరే అడుగుతాం. అక్క మీట నొక్కితే కంప్యూటర్‌లో చిన్న పెట్టె తెరుచుకుని, బోట్ల పేర్లూ తేదీలూ వరసగా కనబడేవి. మాకు కనబడాలని తెరను కిటికీ వైపు తిప్పి, తను పక్కనుంచి మెడ వంచి చూసుకునేది. సాయంత్రానికి మెడ పట్టేసేది. "నా మెడకేటమ్మా, మీరు సూసుకోండి" అనేది.

పెళ్ళైన ఏడాది ఆషాఢానికి పుట్టింటికెళ్ళి, శ్రావణంలో తిరిగొచ్చాను. మా ఆయన వేటలో ఉన్నాడు. ఎప్పుడు వెళ్ళాడని అత్తనడిగితే నవ్వుతుందని సిగ్గేసి, కిటికీ దగ్గరికెళ్ళాను. అక్కనడగడానికీ నోరు రాలేదు. ఐదో తరగతి చదివాను గనక నేనే చదువుకున్నాను. 08/07. జూలై ఎనిమిది! పది పదిహేను రోజుల్లో రావలసిన బోటు నెల దాటినా రాలేదు. ఇంట్లో నా దగ్గర దాచారనుకున్నాను. మెట్టు మీద కూలబడ్డాను.

అక్క బయటికొచ్చింది. "ఏటమ్మా, ఏటైంది?"

తెర వైపు వేలు చూపించాను.

"అయ్యో పిచ్చిదానా! అది ఆగస్టు ఏడు. నెలని ముందేసి, తేదీని ఎనకేసి సూపిత్తంది. మీ ఆయన మొన్న లక్ష్మివారమే ఎల్లాడు, లెగు."

వరసలో వెనకున్న మా వీధి పిన్ని ఊరుకుంటుందా? "మొగుడెల్లి వారం అవనేదు, అప్పుడే ఏడుపేటే?"

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. ఆ వారమంతా పని ముగిసాక కూర్చుని, ఆ పెట్టెను తెరిపించే మాక్రో, అంటే కంప్యూటర్‌కి రాసిన ఆదేశాలు, దిద్దింది. "లెక్కల షీట్లో సరిగ్గానే ఉంటంది. పెట్టెలోకెల్లీసరికి తిరగబడతంది" అని విసుక్కునేది. చివరికి తేదీని షీట్లో అలాగే ఉంచి, పెట్టెలోకి మాత్రం మాటలుగా మార్చి పంపింది. "ఏటి సూపించమంటావు?" అని నన్నే అడిగింది.

"వారం తెలిత్తే సాలక్కా" అన్నాను. ఆమెతో నేనన్న మొదటి మాట అదే.

తెలుగు అక్షరాలు ఆ పెట్టెలో రాక, ఇంగ్లీషు అక్షరాల్లోనే, థర్స్‌డే అని కాకుండా లక్ష్మివారం అని వచ్చేలా చేసింది, తేదీ పక్కన నెల పేరుతో. చదవలేనివాళ్ళకి తనే చదివి చెప్పేది. ఈమధ్య కాళ్ళు వాచి, బస్సు దిగి గోడ పట్టుకుని వచ్చేది. వచ్చి అదే చేసేది.

నిన్న కిటికీ తెరిచారు. మా ఆయన మళ్ళీ వేటలో ఉన్నాడు. కొత్త గుమాస్తా కుర్చీలో కూర్చుంటూనే తెరను తన వైపు తిప్పుకోబోయాడు.

"తిప్పకు బాబూ" అన్నాను. అంత గట్టిగా అన్నది నేనేనా అని పిన్ని నా వైపు చూసింది.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తెరను అలాగే వదిలేసి, పక్కనుంచి మెడ వంచి చూడసాగాడు.